ఫల్గుణ వేసిన సీలు

కొత్త మామిడి పండుగకి అమ్మవారికి వారబోయాల్సిన జీలుగు కల్లు కుండకు ఫల్గుణ స్వయంగా తీగ చుట్టి సీలు వేశాడు. తెల్లారేసరికి తీగ తెగి ఉంది. కుండ అడుగున ఈగలు ఉన్నాయి. ఫల్గుణ సీలును అటూ ఇటూ తిప్పి చూసి, ఊరందరి ముందూ ప్రకటించాడు.

"ఎవరో తీశారు."

"ఖాళీ కుండ సూస్తే మాకూ తెలిసింది బావా," అన్నాడు సోంబరు, తడి మూతి తుడుచుకుంటూ.

"సీలు ఎవరినీ ఆపదు. తీసినట్టు సెబుతాది, అంతే."

"ఆ మాత్రానికి మా కుక్క సాలును. అరుస్తాది కూడాను."

కుండ ఫల్గుణకు అప్పగించడానికి కారణముంది. గుమ్మలక్ష్మీపురం పైనున్న ఈ కొండ ఊళ్లో పుట్టి, ఎక్కడో పరాయి దేశంలో తనిఖీ బృందంలో టెక్నీషియన్‌గా పనిచేశాడు. బాంబుకు సరిపడేంత చిక్కగా చేసిన యురేనియాన్ని అక్కడ పలచటి యురేనియంతో కలిపేవారు. కలిపాక అది కరెంటుకే తప్ప బాంబుకు పనికిరాదు. నిజంగా కలుపుతున్నారా, డబ్బా ఏదైనా పక్కకు పోతోందా అని కనిపెట్టుకుని ఉండటం అతని పని. డబ్బాలకు సీళ్లు, గదికి కెమెరాలు. చిక్కటి సరుకులో నీళ్లు కలుపుతుంటే కాపలా కాసే ఉద్యోగమని ఊరు అర్థం చేసుకుంది. కల్లు కుండకు అంతకంటే తగినవాడు ఎక్కడ దొరుకుతాడు?

సగం డబ్బాలు కలిపాక ఆ దేశం వాళ్లు తనిఖీ బృందాన్ని సాగనంపేశారు. మిగతా సగం ఏమైందో తెలియక ఫల్గుణకు అన్నం సయించడం లేదు. రోజూ గుట్టెక్కి, సిగ్నల్ దొరికే బండ మీద నిలబడి, బృందంలో తనతో పనిచేసిన కృష్ణమూర్తికి ఫోన్ చేస్తాడు. పండుగ సాయంత్రం కూడా చేశాడు.

"కెమెరాలు పీకేశారట ఫల్గుణా. లారీలు వచ్చి వెళ్లాయంటున్నారు. సీళ్లు తెగాయో లేదో చూసే దిక్కు లేదు," అన్నాడు కృష్ణమూర్తి. "ఇంక నాకు ఫోన్ చెయ్యకు. చెప్పడానికేమీ ఉండదు," అని పెట్టేశాడు.

ఫల్గుణ బండ మీదే కూలబడ్డాడు. జేబులో పొద్దుటి సీలు గుచ్చుకుంది. కల్లు పోయిందని చూపించడానికి ఇక్కడ ఒక తెగిన తీగైనా మిగిలింది.

భోజనానికి పిలవడానికి గుట్టెక్కి వచ్చిన భార్య బేబి అంతా వింది. వచ్చి అతని పక్కనే బండ మీద కూర్చుంది.

"గుంట పుట్టినప్పుడు రాలేదు. మా అయ్య పోయినప్పుడు రాలేదు. డబ్బాలొగ్గేసి రాకూడదన్నావు. ఇన్నేళ్లూ సూసి సూసి ఏటి సాదించినావు?"

"నేను సూసినంతకాలం కలిపినారు, బేబీ."