చూడకుండా చదివిన పిల్ల

ఒకటో తరగతికి పాఠం చెప్పడంలో ఏముంది, ఆడించి పంపడమే కదా అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటివాళ్ళకు ఒక్క పూట మా గది అప్పగించాలి. పెన్సిల్ పట్టుకోవడం, వరుసలో నిలబడటం, అన్నానికి ముందు చేతులు కడుక్కోవడం, పక్కవాడి పలక మీద ఉమ్మెయ్యకపోవడం, ఒంటికి వస్తే వేలు చూపించి అడగడం, ఇవన్నీ వచ్చాకే అ, ఆ. మధ్యాహ్నం గంట కొట్టేసరికి తలప్రాణం తోకకొస్తుంది. నేను చేవెళ్ల నుంచి బస్సులో వెళ్ళి, మొయినాబాద్ మండలంలో ఒక ఊరి బడిలో, ఒకటో తరగతినీ రెండో తరగతినీ ఒకే గదిలో కూర్చోబెట్టుకుని ఏళ్ళ తరబడి చెబుతున్నాను. ఈ పని నాకు బాగా వచ్చనుకునేదాన్ని. ఒక్క పిల్ల విషయంలో రాలేదు. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

ఆ పిల్ల తల్లి ఊరి బయట పూల షెడ్లలో గులాబీలు కోసే పనికి పోయేది. పిల్లను చేర్పించే రోజు ముళ్ళు గీరుకున్న చేతులు జోడించి, "వందనాలు టీచరమ్మా, మా పిల్లకు నోరు మస్తు. జర అక్షరాలు గూడ చెప్పుండ్రి" అంది. నిజంగానే నోరు మస్తు. మొదటి రోజే నాకు సండే స్కూల్లో నేర్చుకున్న బైబిలు కంఠత వాక్యాలు పది అప్పజెప్పింది. నేనూ అలాంటి ఇంట్లో పుట్టినదాన్నే. మా ఇళ్ళల్లో పిల్లలు అక్షరాలకంటే ముందు వాక్యాలు నేర్చుకుంటారు. ఆదివారం అందరి ముందూ పుస్తకం పట్టుకుని నిలబడి తప్పుల్లేకుండా చెబితే బహుమతి. పుస్తకం చేతిలో ఉండాలి, అంతే. దానిలోకి చూడాలని ఎవరూ అడగరు. నేను ఒకసారి పుస్తకం తలకిందులుగా పట్టుకుని చెబితే పాస్టరమ్మ పడీ పడీ నవ్వి, అయినా స్టీలు గ్లాసు ఇచ్చింది. ఆ పిల్లను చూస్తే నాకు నేనే గుర్తొచ్చేదాన్ని. అందుకే మురిసిపోయాను.

రెండు తరగతులు ఒకే గదిలో ఉంటే ఒక్కొక్కరిని పట్టుకుని చదివించడానికి తీరిక ఉండదు. నేను ఒక వాక్యం చదువుతాను, అందరూ వేలు పెట్టి అంటారు. రెండుసార్లయ్యాక ఒకరు లేచి చెప్పిస్తారు, మిగతావాళ్ళు అంటారు. నెల తిరిగేసరికి ఆ లేచి చెప్పించే పని ఆ పిల్లదైపోయింది. నేను రెండో తరగతికి లెక్కలు చెబుతుంటే వెనక ఒకటో తరగతి మొత్తాన్నీ అదే నడిపేది. వేలు కదిలేది, సమయానికి పేజీ తిరిగేది, గొంతు గంటలా మోగేది. "గుడ్" అనేదాన్ని. రోజూ అనేదాన్ని.

రాత మాత్రం ఘోరం. అక్షరం వచ్చేది కానీ గీత మీద నిలిచేది కాదు. పక్కవాళ్ళ నోటుబుక్కులోకి వంగి వంగి చూసేది. అందుకు రెండుసార్లు గోడవైపు నిలబెట్టాను. గడప దగ్గర తట్టుకుని పడితే, "కళ్ళు నెత్తికెక్కినయా?" అని అరిచాను కూడా. అరవడం నాకు అలవాటు, పిల్లలకూ అలవాటే. ఆ పిల్ల మోకాలు రుద్దుకుంటూ నవ్వింది.

రెండో తరగతిలో ఉండగా ఒక అధికారి బడి చూడటానికి వచ్చాడు. నేను ఎవరిని లేపుతానో చెప్పాలా! ఆ పిల్ల లేచి, "ఏ పాఠం సార్?" అని అడిగింది. ఆయన పాఠం పేరు చెప్పాడు. తెరిచి, వేలు పెట్టి, మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఎక్కడా ఆగకుండా చదివింది. అధికారి చప్పట్లు కొట్టాడు, పిల్లలంతా కొట్టారు. నేను దాని వెనకే నిలబడి ఉన్నాను. దాని చేతిలో తెరిచి ఉన్నది ఆ పాఠం కాదు, దాని తర్వాతి పాఠం. నాకు స్పష్టంగా కనిపించింది. నాకేమనిపించిందో తెలుసా? నవ్వొచ్చింది. ఓసి దొంగదానా, నా అంతటిదానివి నువ్వు అనుకున్నాను. ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వస్తూ కూడా నవ్వుకున్నాను.

మూడో తరగతి వేరే సార్ దగ్గర. నెల రోజులు కాకముందే ఆయన నా గదికి వచ్చాడు. "మేడం, గా పిల్లకు ఒక్క ముక్క రాదు. రెండేండ్లు ఏం చెప్పిర్రు?" అన్నాడు. నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. "బడిలో అందరికంటే బాగా చదివే పిల్ల. మీకు చెప్పడం రాక పిల్లను అంటారా?" అని అందరికీ వినబడేలా దులిపేశాను. ఆయన పాపం, "మీరే ఒకపారి చూడుండ్రి" అని పిల్లను పంపించి పోయాడు.

మూడో తరగతి పుస్తకంలో మేం ఎప్పుడూ చదవని పేజీ తెరిచి ముందు పెట్టాను. చదవమన్నాను.

"మీరు ఒకపారి సదువుండ్రి టీచర్. మల్ల నేను సదువుత."

"నేను చదవను. నువ్వే చదువు."

వేలు మొదటి గీత మీద పెట్టింది. వేలు పోతూనే ఉంది, నోరు మాత్రం తెరవలేదు. "ఏం కనిపిస్తుంది బిడ్డా అక్కడ?" అని అడిగాను. అప్పుడు కూడా నా గొంతులో కోపమే ఉంది.

"నల్లగ, అలికినట్టు ఉన్నది టీచర్."

"ఎప్పటి నుంచి అట్ల ఉంది?"

"ఎప్పుడూ గట్లనే ఉంటది గదా. అందరికి గట్లనే ఉంటది గదా?" అని ఆశ్చర్యంగా నావైపు చూసింది. "సదువుడంటే గదే గదా టీచర్. మీరు చెప్తరు, మేము యాది పెట్టుకుంటం."

అది అబద్ధమాడలేదు, మోసం చేయలేదు. చదవడమంటే అదే అనుకుంది. పక్కపిల్లలు కూడా ఆ నల్లటి మరకల మీదే వేలు పెట్టుకుని, విన్నది గుర్తుపెట్టుకుని చెబుతున్నారనుకుంది. తనకు బాగా గుర్తుంటుంది కాబట్టి తను ఫస్ట్. అక్షరాలు రాయడం కూడా నేను చెయ్యి పట్టుకుని దిద్దించినందుకు దాని చేతికి వచ్చింది తప్ప కంటికి ఎప్పుడూ రాలేదు.

మర్నాడే తల్లిని, పిల్లను తీసుకుని నగరంలో పెద్ద కళ్ళ దవాఖానకు వెళ్ళాను. చీకటి గదిలో ఎదురుగా అక్షరాల అట్ట వెలిగించి, పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి చదవమన్నారు. అది మెల్లగా నన్ను అడిగింది: "ముందల ఎవ్వరు లేరా టీచర్?" అప్పుడు గుర్తొచ్చింది, ఒకటో తరగతిలో ఉన్నప్పుడు మా బడికీ కళ్ళు పరీక్ష చేసేవాళ్ళు వచ్చారు. పిల్లలను వరుసలో నిలబెట్టింది నేనే. ముందున్నవాళ్ళంతా చెప్పింది విని, తన వంతు రాగానే ఇది గడగడా అప్పజెప్పేసింది. దీని కళ్ళు బంగారం అని రాసుకుని పోయారు.

డాక్టరమ్మ చిన్న వయసుది. మెత్తగానే చెప్పింది. "కళ్ళు పుట్టుకతో వస్తాయమ్మా, చూడటం మాత్రం మెదడు నేర్చుకోవాలి. కన్ను మసక చూపిస్తే మెదడు మసకే నేర్చుకుంటుంది. బడిలో చేరిన కొత్తలో అద్దాలు పెట్టించి ఉంటే దాదాపు అంతా వచ్చేది. ఇప్పుడు కొంతే వస్తుంది. ఎంత వస్తుందో చెప్పలేను."

తల్లికి సగం అర్థమైంది. "మరి ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే తల్లి నా చెయ్యి పట్టుకుంది. "ఎవ్వరు చూడలే. గీ టీచరమ్మనే చూసింది. లేకుంటే మా బతుకులకు ఎవరు చూస్తురు?" అంది. అధికారి వచ్చిన రోజు దాని చేతిలో తెరిచి ఉన్న ఆ తర్వాతి పాఠాన్ని నేను చూశానని, చూసి నవ్వుకున్నానని అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు.

అంతటితో అయిపోలేదు. అద్దాలు వచ్చిన వారం తల్లి నన్ను వాళ్ళ ఊరి చర్చికి రమ్మని పట్టుబట్టింది. ఆరాధన మధ్యలో లేచి సాక్ష్యం చెప్పింది. దేవుడు మా పిల్ల కోసం ఈ టీచరమ్మను పంపిండు అని ఏడ్చుకుంటూ చెబితే ఆడవాళ్ళంతా నావైపు తిరిగి చేతులు జోడించారు. సాక్ష్యం చెప్పాలనుకున్న ఎవరైనా లేవవచ్చు. నేనూ లేవవచ్చు. చాప అంచు పట్టుకుని అలాగే కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను కానీ లేవలేదు. నా అంత పిరికిది ఇంకొకతి ఉండదు.

ఇప్పుడు ఆ పిల్ల మూడో తరగతి పిల్లే అయినా రోజూ ఒక గంట నా గదిలో, ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చుని అ నుంచి నేర్చుకుంటోంది. లావుపాటి అద్దాలు, ముక్కు పుస్తకానికి ఆనించి, ఒక్కొక్క అక్షరం. అయిదేళ్ళ పిల్లలు దానికంటే ముందు చదివేసి కిసుక్కున నవ్వుతారు. నేను గదమాయిస్తే ఊరుకుంటారు, మళ్ళీ నవ్వుతారు. అది మాత్రం ఇప్పుడు నవ్వడం లేదు. లేచి చెప్పించమంటే లేవడం లేదు.

మొన్న బడి వదిలాక ఒక్క వాక్యం చదివించడానికి కూర్చోబెట్టాను. నాలుగే మాటలు. మూడో మాట దగ్గర ఆగిపోయి అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇవి వద్దు టీచర్. ఇవి పెట్టుకున్నసంది నాకు సదువు వస్తలేదు. ఇంతకు ముందల మంచిగ వస్తుండె."

తల్లికి చెప్పలేనిది, చర్చిలో చెప్పలేనిది అప్పుడు చెప్పాను. "ముందు నీకు చదువు రాలేదు బిడ్డా. వచ్చిందని నేను అనుకున్నాను. నీకు కనిపించట్లేదని నేను తెలుసుకోవాల్సింది. తప్పు నాది."

అది కళ్ళు చికిలించి నా ముఖంలోకి చూసింది.

"మరి రోజూ గుడ్ అంటుంటిరి గదా టీచర్?"

"అన్నాను బిడ్డా" అన్నాను. బల్ల మీది అద్దాలు కొంగుతో తుడిచి దాని ముందు పెట్టాను.