సాగనంపే వాళ్ల కోసం ఒక హోటల్

పొద్దున ఆరూ ఇరవైకి మా అనసూయక్క పొయ్యి కట్టేసింది. కోడికూర ఉడికిపోయిందన్నమాట. ఆ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే, ఇంకా తెరవని నా హోటల్ ఆ మధ్యాహ్నానికే మూతపడేది కాదు. తెరవని హోటల్ ఎలా మూతపడుతుందో చెబుతాను. నవ్వదలుచుకున్న వాళ్లు ఇప్పటి నుంచే మొదలుపెట్టవచ్చు.

మా శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు దుబాయ్ వెళ్లినా విమానం ఎక్కేది ఒకరు, ఎక్కించడానికి వెళ్లేది వాడంతా. వాళ్లను ఎయిర్‌పోర్టు లోపలికి రానివ్వరు. గంటల తరబడి బయటే ఉంటారు. ఇది చూసి నాకు గొప్ప ఆలోచన వచ్చింది. తొండుపల్లిలో రోడ్డు పక్కన అక్కకు కొంచెం జాగా ఉంది. అందులో, సాగనంపే వాళ్ల కోసం హోటల్!

వ్యాపారం మీద దొరికిన పుస్తకాలన్నీ చదివి, ఇటుకంత మందాన బిజినెస్ ప్లాన్ రాశాను. రంగురంగుల గ్రాఫులు వేశాను. అన్నిటికీ పునాది ఒకే వాక్యం: ‘వీళ్లందరూ ఆకలితో ఉంటారు.’

అప్పు కావాలంటే అక్క జాగా కుదువ పెట్టాలి. బావ పోయాక ఆమెకు మిగిలింది అదొక్కటే. ప్లాన్ తీసుకెళ్లి చూపించాను. ఆమె పేజీలు తిప్పింది.

“ఇవేందిరా తమ్మీ, ముగ్గులా?”

“గ్రాఫులక్కా. లాభం పైకి పోతున్నట్టు.”

“మంచిగనే పోతున్నది. పెట్టు కుదువ.”

అంతే. ఉన్న ఒక్క ఆధారాన్ని అంత తేలిగ్గా ఇచ్చేసిన మనిషిని నేను పుస్తకాల్లో కూడా చూడలేదు.

బ్యాంకు ఆఫీసరు జాగా చూస్తానన్నాడు. నా తెలివి అక్కడితో ఆగితే బాగుండేది. సరిగ్గా ఆయన వస్తానన్న రోజే మా పెద్దనాన్న మనవడు మల్లేశ్ దుబాయ్ వెళ్తున్నాడు. సాగనంపే వాళ్లందరినీ దారిలో మా జాగాలో ఆపమన్నాను. టెంటు వేయించాను. ఇడ్లీ, వడ వేయడానికి ఒక వంటాయనను కుదుర్చుకున్నాను. జనం ఇడ్లీల మీద మిడతల దండులా పడితే ఆఫీసరు కళ్లారా చూసి సంతకం పెడతాడని నా లెక్క.

చెప్పినట్టే వచ్చిన ఆఫీసరు కృష్ణా జిల్లా మనిషి. “మీ ప్లాన్ చదివానండీ. చాలా శ్రద్ధగా రాశారు” అన్నాడు. నేను మెలికలు తిరిగాను.

రెండు బండ్లు వచ్చి ఆగాయి. ముందుగా దిగింది మా అక్క, పెద్ద గిన్నెతో. వెనకే మరో గిన్నె, పెరుగు బకెట్టు, విస్తరాకుల కట్ట. నేను కిరాయికి తెచ్చిన టెంటు కింద, నా ఇడ్లీలకు వీపులు చూపిస్తూ అందరూ బంతికి కూర్చున్నారు.

“అక్కా, ఏందిది?”

“బగార అన్నం, కోడికూర. నీ హోటల్ కాడికి ఇంతమంది వస్తుంటే ఉత్త కడుపుతోని తోలాల్నా? నీ ఇజ్జత్ ఏం గావాలె?”

“వాళ్లు ఆకలితోని ఉండాలక్కా! ప్లానే అది!”

“థూ! జనం ఆకలితోని ఉండాలని కోరుకుంటార్రా ఎవరన్నా? గిదేం ప్లానురా?”

ఇంతలో వంటాయన మెల్లగా నా పక్కకు వచ్చాడు. “అన్నా, ఇడ్లీలు ఎట్లనూ పోతలేవు. నాకు జర కూర ఏయిస్తవా?”

ఆఫీసరు ముందు కూడా విస్తరి పడింది. “సారూ, మొహమాటపడకుండ్రి. ఇంకో ముక్క ఏసుకోండ్రి” అంటూ అక్క వడ్డించింది. ఆయన మొహమాటపడలేదు. తిన్నాడు, చేయి కడుక్కున్నాడు, ఫైలు తీశాడు.

“మీరెప్పుడైనా ఇలా ఎవరినైనా ఎక్కించడానికి వెళ్లారాండీ?”

“చానాసార్లు పోయిన సార్.”

“అప్పుడు భోజనం ఎక్కడ చేసేవారు?”

ఇంత మందపు ప్లాన్‌లో ఆ ప్రశ్నకు చోటు లేదు. బగార వాసన వస్తోంది.

“ఇంటి నుంచి తీస్కపోయేటోళ్లం సార్.”

ఆయన నవ్వలేదు. అది ఆయన మంచితనం. ఫైలు మూసి, అక్కకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

“ఏమన్నడురా?”

“అప్పు ఇయ్యరంట.”

“పరేషాన్ గాకు. ఈ బ్యాంకు కాకపోతే ఇంకోటి. జాగా ఏడికి పోతది?”

ఆ మాట ఆమె మనసారా అన్నది. నా వల్ల ఆ జాగా పోబోయిందనీ, తన కూర వల్లే మిగిలిందనీ ఆమెకు తట్టనే లేదు. చల్లారిన ఇడ్లీల సాక్షిగా, కుడిచేయి పైకెత్తి నేను ప్రతిజ్ఞ చేశాను: ఇతరుల ఆకలి మీద ఆశ పెట్టుకోను, అక్క జాగాను ఏ ప్లాన్‌లోకీ తేను. ఆ రాత్రీ మర్నాడూ కూడా ఆ ఇడ్లీలే తిన్నాను కనుక ప్రతిజ్ఞ గట్టిగానే నిలిచింది.

పోయిన ఏడాది అక్క చనిపోయింది. మొన్న మల్లేశ్ సెలవు అయిపోయి మళ్లీ దుబాయ్ వెళ్లాడు. ఫోన్‌లో క్యాబ్ పిలుచుకుని, ఒక్కడే వెళ్లాడు. మా ఇంట్లో ఎవరినీ ఇప్పుడు ఎయిర్‌పోర్టు దాకా సాగనంపడం లేదు.