విమానంలో ఒక్కపొద్దు

నా చిన్నప్పుడు అమ్మానాయనలు రాస్ అల్ ఖైమాలో ఉండేవాళ్లు. నాయన అక్కడ రాళ్ల క్వారీలో బండి నడిపేవాడు. నేను కడపలో నాయన వాళ్లమ్మ, మా జేజి దగ్గర పెరిగాను. కొన్నేళ్లకు నాయన మా ఇద్దరినీ పిలిపించుకున్నాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ప్రయాణం రంజాన్ నెలలో పడింది. ఆ రోజే నా మొదటి ఒక్కపొద్దు ఉంటానని పట్టుబట్టాను. జేజి వద్దన్నా వినలేదు.

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి నాలుగు గంటలని నాయన ఫోన్లో చెప్పాడు. విమానం సాయంత్రం నాలుగింటికి లేచింది. సగం దారి దాటాక పొద్దు మునుగుతుంది, ఒక్కపొద్దు విడిచి హాయిగా దిగొచ్చు అనుకున్నాను. గడియారం ఆరున్నర దాటింది. కిటికీలో చూస్తే పొద్దు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

"జేజీ, పొద్దు మునగదేం?"

"మనం దాని ఎంబడే పోతాండాం గదమ్మా."

నాకేమీ అర్థం కాలేదు. గొంతు పిడచగట్టుకుపోయింది, కళ్లు తిరుగుతున్నాయి. అయినా నీళ్లు అడగడానికి రోషం. జేజి నా ముఖంలోకి కాసేపు చూసి, నీళ్లు తెప్పించింది.

"మన ఊర్లో మసీదులో అజా అయిపొయ్యింటాది. తాగు."

నేను కిటికీ వైపు చూస్తూ గ్లాసు ముట్టుకోలేదు. జేజి సంచిలోంచి ఖర్జూరం తీసి తను నోట్లో వేసుకుంది, నీళ్లు తాగింది. ఏ ఏడూ ఒక్కపొద్దు తప్పని మనిషి తింటుంటే, టైమైందనే అనుకుని నేనూ గటగటా తాగేశాను.

దిగేసరికి అక్కడి టైము ఆరున్నరేనని చెప్పారు. నాలుగు గంటలు ఎగిరితే గడియారం రెండున్నర గంటలే ఎలా కదిలింది? కిందికి దిగి బస్సెక్కితే ఎర్రటి పొద్దు ఇంకా ఎదురుగానే ఉంది. నా పక్కనున్నాయన ఖర్జూరాలు చేతిలో పట్టుకుని దానికేసే చూస్తున్నాడు.

"జేజీ, ఇంకా టైము కాలేదా? మరి మనం తినేశాం కదా?"

"మనది మన ఊరి టైము. అయిపొయ్యిందిలే" అని నన్ను దగ్గరికి లాక్కుంది.

బయట నాయన ఎదురొచ్చి, ఒక్కపొద్దు ఎప్పుడు విడిచారని అడిగాడు. "నీ బిడ్డ సక్కగా నిలబెట్టుకునిందిరా" అంది జేజి. నాయన గడియారం చూసుకుని, ఆమె ముఖం కేసి చూశాడు. "మాషా అల్లాహ్! యల్లా, పదండి" అన్నాడు. రాస్ అల్ ఖైమా చేరేదాకా నా ఒక్కపొద్దు ఏ గడియారానిదో తేలక తికమకపడుతూనే ఉన్నాను.

పండగ వెళ్లిన కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం జేజి అన్నానికి రాలేదు. ఒక్కపొద్దు ఉన్నానంది. ఇప్పుడెందుకని అడిగాను.

"విమానంలో పొద్దు మునగకముందే విడిచినదానికి బదులు. ప్రయాణంలో విడవచ్చు. తర్వాత ఉండాల."

"మరి నేనూ ఉండాలా?"

"నీకెందుకుమే, చిన్నబిడ్డవి. నువ్వు ఉండిందే శానా."

"నువ్వు ఉండగలవు కదా జేజీ, మరెందుకు తిన్నావు?"

జేజి నవ్వింది. "నేను తినకుంటే నువ్వు తింటావా?"

ఇప్పుడు నాకు ఆనాటి జేజి వయసు. ఒక ఊరి గడియారానికీ ఇంకో ఊరి గడియారానికీ తేడా ఎందుకో బళ్లో నేర్చుకున్నాను గానీ, విమానమెక్కితే ఇప్పటికీ లెక్క తప్పుతాను. ఆ రోజు నుంచి నాకు మిగిలింది వేరే సంగతి. పక్కనున్నవాళ్లు అలిసిపోయి కూడా రోషంతో నోరు తెరవకపోతే, నేనే ముందు నీళ్లు అడుగుతాను. దాహం లేకపోయినా ముందు నేనే తాగుతాను.