చారన్నం తిన్న ఓటరు

మొన్న మా అమ్మాయి ఫోన్ చేసింది. ఇక్కడ అమెరికాలో స్కూల్ బోర్డు ఎన్నికల్లో నిలబడింది. "పోలింగ్ దగ్గర ఎవరికీ ఏమీ పెట్టొద్దు మమ్మీ, కుకీ కూడా! రూల్స్!" అని నన్ను ముందే హెచ్చరించింది. నవ్వొచ్చింది. ఇది నా కడుపులో ఉండగానే అలాంటి రూలొకటి తప్పేలా చేసింది మరి.

ఎనభైల మొదట్లో ఇక్కడే పార్సిప్పనీ అనే ఊళ్ళో మాది కొత్త కాపురం. మా పై అపార్ట్‌మెంట్‌లో ఉండే ఆవిడని అక్కయ్య అనేదాన్ని. అక్కడి తెలుగు సంఘానికి ప్రెసిడెంటుగా పోటీ చేసిన మొదటి ఆడమనిషి. "ఆవిడ వంటల కమిటీ చూసుకోవచ్చుగా" అనే మహానుభావులకి లోటు లేదు. గెలిచి, పిల్లలకి ఆదివారాలు తెలుగు క్లాసులు పెట్టించాలని ఆవిడ పంతం. అంతకుముందు ఏడాది పోటీదారులిద్దరూ ఓటర్లకి పోటాపోటీగా బిర్యానీలు పెట్టారు. మనవాళ్ళు రెండు చోట్లా శుభ్రంగా తినొచ్చారు. అందుకే అక్కయ్యే పట్టుబట్టి రూలు రాయించింది: ఎన్నికయ్యేదాకా అభ్యర్థి ఏ ఓటరుకీ భోజనం పెట్టకూడదు, పెడితే పోటీ నుంచి తప్పుకోవాలి.

సరిగ్గా అప్పుడే నాకు వేవిళ్ళు. మంచినీళ్ళు కూడా ఇమిడేవి కావు. మావారు చేతనైనట్టు బ్రెడ్ కాల్చిపెట్టి ఆఫీస్‌కి వెళ్ళిపోయేవారు. మూడోరోజు అక్కయ్య వచ్చి, నా మొహం చూసి, వెనక్కెళ్ళి, మిరియాల చారు కలిపిన అన్నం తెచ్చి పక్కన కూర్చుని తినిపించింది. అబ్బ, ఆ వాసనకే ప్రాణం లేచొచ్చింది! సగం తిన్నాక గుర్తొచ్చి, "అక్కయ్యా, రూలు!" అన్నాను.

"తెలుసులేవే. ముందు తిను."

ఆ సాయంత్రమే ఎన్నిక జరిపించే పెద్దాయనకి తనే ఫోన్ చేసి చెప్పేసింది. "ఎవరూ చూడలేదు కదమ్మా" అన్నారట ఆయన. "నేను చూశానుగా అండీ, నా పేరు తీసేయండి" అందిట. నాకు ఏడుపాగలేదు. మర్నాడు ఆయనకి ఫోన్ చేసి, సంఘంలో నా మెంబర్‌షిప్ వదిలేస్తున్నానన్నాను. మెంబర్ని కాకపోతే ఓటర్నీ కాను కదా! పెద్దాయన కాస్త ఆలోచించి, "ఎన్నికనాటికి లిస్టులో లేనివాళ్ళు ఓటర్లెలా అవుతారమ్మా" అని నా పేరు కొట్టేసి, అక్కయ్య పేరు ఉంచారు.

అక్కయ్య ఒక్క ఓటుతో ఓడిపోయింది.

బయట మంచు. కార్ అద్దం గీకుతున్న ఆవిడ దగ్గరికెళ్ళి, "నా ఓటుంటే టై అయ్యేది" అని భోరుమన్నాను.

"అయితే చీటీలు తీసేవాళ్ళు. నా లక్ నాకు తెలీదూ? ఎక్కు, చలిలో నిలబడకు" అంది. కానీ డ్రైవ్ చేస్తున్నంతసేపూ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

సిటిజన్నయ్యాక ఈ దేశంలో ఎన్నో ఓట్లు వేశాను. ఎవరికి వేశానో చాలావాటికి గుర్తే లేదు. వేయని ఆ ఒక్క ఓటు మాత్రం నలభై ఏళ్ళుగా మనసులో వేస్తూనే ఉన్నాను.