తొంభైలో పరుగెత్తిన లోకల్ రైలు

ఇప్పుడు తార్నాకలో మెట్రో ఎక్కే పిల్లలకు చెబితే నమ్మరు గానీ, మాకు ఆ కాలంలో లోకల్ రైలంటే కాస్త గర్వం ఉండేది. ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ మధ్యలోనే స్టేషన్, పక్కనే చింతచెట్ల నీడ, బస్సులో వేలాడే బాధ లేదు. పైగా నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ అప్పుడే ముగించి, పరిశోధనలో సీటు కోసం ఎదురుచూస్తున్న మనిషిని. ఆ వయసులో ఫిజిక్స్ చదివినవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది, కంటికి కనిపించినదాన్నల్లా కొలవాలనిపిస్తుంది. (అన్నం ఉడికే సమయాన్ని కూడా కొలిచాను. అన్నం మాడింది.) ఆ జబ్బు వల్ల చేతిదాకా వచ్చిన ఉద్యోగం ఎలా జారిపోబోయిందో చెబుతాను.

తార్నాకలో ఒక మేడమీది గదిలో అద్దెకుండేదాన్ని. కింద ఇంటాయన రైళ్ళు నడిపి, ఆఖర్న లోకల్ కూడా నడిపి రిటైరైన పెద్దాయన. వీధంతా ఆయన్ని డ్రైవర్ తాత అనేవాళ్ళు. నాన్నది మా ఊళ్ళో నాలుగెకరాల వ్యవసాయం. ఆయన ఒక మాట తేల్చి చెప్పేశారు. "ఈ నెలాఖరుదాక చూస్త బిడ్డా. పట్నంల నౌకరి దొరికితే ఉండు, సదువుకో. లేకుంటే మన మండలంల బడి ఉన్నది, గాడ చేరు." మండలంలో బడికి వెళ్తే పరిశోధన కల అక్కడితో సరి. సరిగ్గా అప్పుడే మలక్‌పేటలోని ఒక జూనియర్ కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. ఉదయం పది గంటలకు ఇంటర్ పిల్లల ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. ఏ పాఠం చెప్పాలన్నది నా ఇష్టమే అన్నారు. నేను వేగం గురించి చెబుతానన్నాను, లోకల్ రైలును ఉదాహరణగా తీసుకుని.

ఆ ఉదాహరణ కోసం రైలు వేగం నేనే స్వయంగా కొలిచాను. పద్ధతి చాలా సులువు. పట్టాల పక్కన కరెంటు తీగల్ని మోసే స్తంభాలుంటాయి కదా, వాటిలో రెండింటి మధ్య దూరాన్ని ప్లాట్‌ఫారం మీద అడుగులు వేసుకుంటూ కొలిచాను. తర్వాత రైలెక్కి, ఒక నిమిషంలో ఎన్ని స్తంభాలు దాటామో లెక్కపెట్టాను. గడియారం చూసింది ఆ ఒక్క నిమిషమే. దారిలో ఒక వంపు ఉంది. అక్కడైతే కిటికీలోంచి ముందున్న స్తంభాలు వరసగా కనిపిస్తాయి కాబట్టి, ఆ వంపునే ఎంచుకున్నాను. గంటకు తొంభై కిలోమీటర్లని తేలింది! ఆ లెక్కన తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని మలక్‌పేటకు ఆరు నిమిషాలు. మధ్యలో మూడు స్టేషన్లు ఉన్నాయి గనుక, పోనీలే అని ఒక్కోదానికి అర నిమిషం కలిపాను. మొత్తం ఎనిమిది నిమిషాలకు మించదు.

ఈ సంగతి సాయంత్రం టీ తాగుతూ డ్రైవర్ తాతకు చెప్పాను. ఆయన సాసర్ కింద పెట్టి నా వైపు అదోలా చూశాడు. "ఎనిమిదా? ఇరవై ఏసుకో బిడ్డా. బండికి దమ్ముంటది, ఎవ్వలు కాదన్నరు? గని లేచి ఉరుకుడు షురూ చేసేలోపే ముందల స్టేషనొస్తది. సగం దూరంల స్పీడు పెంచుడు, సగం దూరంల తగ్గించుడు, గింతే మా నౌకరి. దబ్బున బ్రేకేస్తే నిలబడ్డ జనం ఒకరిమీద ఒకరు పడరా? వంపుల కాడ మెల్లగ పోవాలె, సిగ్నల్ చూడాలె. నువ్వు ముందటి బండి పట్టుకో."

"తాతా, నేను లెక్క కట్టిన కదా," అన్నాను.

"ముప్ఫై ఏండ్లు నడిపినోన్ని నేను!" అన్నాడాయన. లోపలినుంచి అవ్వ అందుకుంది. "బండి నడిపిండు గని, ఒక్కనాడన్న టైముకు ఇంటికొచ్చిండా అడుగు!" తాత మళ్ళీ సాసర్ అందుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను.

పాఠం చెప్పాల్సిన రోజు, తొమ్మిదింబావుకు వచ్చే ముందటి బండిని చేతులారా వదిలేశాను. ఆ అరగంటా గదిలో కూర్చుని చీర కుచ్చిళ్ళు రెండుసార్లు సర్దుకుని, పాఠం అద్దానికి అప్పజెప్పి, దర్జాగా క్యాంపస్ గుండా నడిచి స్టేషన్‌కు వెళ్ళాను. తొమ్మిదీ నలభై అయిదు బండి సరిగ్గా తొమ్మిదీ నలభై అయిదుకే వచ్చింది. (రైలును తప్పుపట్టడానికి ఆ రోజు నాకు ఒక్క సాకైనా దొరకలేదు.) కదిలింది, కాస్త ఊపందుకుంది, ఇంతలోనే బ్రేకు. జామే ఉస్మానియా స్టేషన్. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. మళ్ళీ కదిలింది, ఊపందుకుంది, మళ్ళీ బ్రేకు. నా ఎనిమిది నిమిషాలు నిండేసరికి మేమింకా విద్యానగరే దాటాం. కిటికీ ఊచలు పట్టుకుని ముందుకు వంగి చూస్తున్నాను. పక్కన కొత్తిమీర తట్టతో కూర్చున్న ఒకావిడ, "గట్ల చూస్తే ఉరుకుతదా అమ్మా? కూసో, దాని టైముకు అది పోతది," అంది.

అప్పుడే వచ్చింది నా వంపు. బండి బాగా నెమ్మదించింది, పక్క రోడ్డు మీద స్కూటర్ మమ్మల్ని దాటిపోతోంది. అయినా స్తంభాలు మాత్రం గబగబా వెనక్కి పోతున్నాయి! బుర్రలో అప్పుడు వెలిగింది. వంపు దగ్గర తీగ పక్కకు జరగకుండా పట్టాలకు సరిగ్గా పైనే ఉండాలంటే స్తంభాలు దగ్గరదగ్గరగా పాతాలి. నేను దూరం కొలిచింది తిన్నని దారిలో, స్తంభాలు లెక్కపెట్టింది వంపులో. రైలు ఎక్కడ నెమ్మదిగా వెళ్తుందో సరిగ్గా అక్కడే దాన్ని తొంభైలో పరుగెత్తించాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మండలంలోని బడి, దాని రేకుల కప్పుతో సహా, కళ్ళముందు కనిపించింది.

మలక్‌పేటలో దిగి చీర ఎత్తిపట్టుకుని పరుగెత్తినా, కాలేజీ చేరేసరికి పది దాటి పది నిమిషాలైంది. ప్రిన్సిపాల్ మేడం గడియారం చూసి, నన్ను చూసి, "క్లాసు వెయిట్ చేస్తున్నది. నడువు," అని వెనక బెంచీలో కూర్చుంది. నేను బోర్డు మీద బట్టీపట్టిన లెక్కే రాశాను. నేనొచ్చే లోకల్ రైలు గంటకు తొంభై కిలోమీటర్ల వేగంతో పోతే తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని మలక్‌పేటకు ఎంతసేపు పడుతుంది? మూడో వరసలో ఒక పిల్ల లేచింది. "ఆరు నిమిషాలు మేడం. మరి మీరు లేటెందుకొచ్చిన్రు?"

క్లాసంతా గొల్లుమంది. వెనక మేడం నవ్వలేదు. ఇంక దాచి ఏం లాభం అనిపించి, రాసినదంతా చెరిపేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. వంపు సంగతి, స్తంభాల సంగతి, తాత మాట వినని సంగతి. వేగానికి గీత గీస్తే నేననుకున్నట్టు బల్లపరుపుగా రాదని, చీమల పుట్టల్లా వరసగా లేచి పడుతుందని గీసి చూపించాను. స్టేషన్లు దగ్గరైతే పుట్టలు పొట్టివవుతాయని పిల్లలే చెప్పారు. "అయితే స్టేషన్లన్నీ తీసేస్తే?" అని ఒకడు. "మేడం మలక్‌పేటల దిగదు, సీదా ఆఖరి స్టేషన్ ఫలక్‌నుమా పోతది!" అని ఇంకొకడు. గంట కొట్టారు, ఎవరూ లేవలేదు. ఇందాకటి పిల్లే, "రేపు గూడ మీరే వస్తరా మేడం?" అంది. వెనకనుంచి ప్రిన్సిపాల్ మేడం జవాబిచ్చింది. "వస్తది. ఒక బండి ముందుగల్లనే వస్తది."

బయటికొచ్చి నాన్నకు ఫోన్ చేశాను. ఉద్యోగం వచ్చిందన్నాను. "రోజు రైల్లనే పోతవా? బాగ ఉరుకుతదా బిడ్డా అది?" అన్నారు.

"లేదు నాన్నా, మెల్లగ పోతది."

"మంచిదే. ఏం గాకుండ పైలంగ పోతది," అన్నారు తృప్తిగా.

వేగం గురించి అంత అవమానపడి ఇంత నేర్చుకుని వస్తే, ఈయనకు కావలసింది ఇదేనా అని ఆ రోజు చిరాకేసింది. ఇప్పుడు మా అమ్మాయి కాలేజీకి బయల్దేరుతూ, ఎన్ని నిమిషాల్లో చేరుతుందో ఫోన్‌లో చూసి నాకు గొప్పగా చెబుతుంది. నేను ఊ కొడతాను. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు వేగం పాఠం చెబుతున్న మనిషిని, గుమ్మంలో నిలబడి తనకు చెప్పేది మాత్రం "మెల్లగ పో" అనే.