బికాజ్ పెట్టిన చోట

నలభై దాటాక ఓపెన్ డిగ్రీలో చేరాను. మిగతా సబ్జెక్టులన్నీ తెలుగులోనే కాబట్టి బెంగ లేదు. భయమంతా ఇంగ్లీషు పేపరుతోనే. కోరుట్లలో మా ఇంట్లో కూర్చోబెట్టి నాకు ఇంగ్లీషు చెప్పింది నా కూతురే. అప్పుడది ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకు వచ్చి ఉంది.

ఓ మధ్యాహ్నం నా గురించి నన్నే రాయమంది. సిరిసిల్లలో పుట్టాను. మా నాన్న మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఇంటర్ చదివాను. ఇలా ఇంగ్లీషులో రాసి చూపించాను.

"తప్పుల్లేవమ్మా. కానీ ఒక మాట చెప్పుడు, ఆగుడు. చదువుతుంటే ఆటో గుంతల్ల పోయినట్టున్నది. వీటిని కలుపాలె" అంది. కారణం చెప్పాలంటే బికాజ్ అట. దానివల్ల ఏం జరిగిందో చెప్పాలంటే సో. అనుకున్నది ఒకటీ అయ్యింది ఇంకొకటీ అయితే బట్.

నాకు హుషారొచ్చింది. వరసగా కలుపుకుంటూ పోయాను. 'చదువు ఆపేశాను', 'కూతురు పుట్టింది' పక్కపక్కనే ఉన్నాయి. మధ్యలో బికాజ్ పెట్టేశాను.

అది చదివి కాగితం మీంచి తలెత్తింది.

"నా వల్లనే చదువు బంద్ చేసినవా అమ్మా?"

"గట్లెందుకంటవ్ బిడ్డా?"

"నువ్వే రాసినవ్ గదా."

అప్పుడు చెప్పాను, ఎన్నడూ చెప్పని సంగతి. ఇంటర్ అయిన ఏడాదే మా అమ్మ మంచం పట్టింది. ఇంట్లో వండిపెట్టే మనిషి లేక నేను డిగ్రీలో చేరలేదు. పెళ్లి, కోరుట్ల రావడం, అది పుట్టడం అన్నీ ఆ తర్వాతే.

"నువ్వు పుట్టేటాళ్లకు చదువు ముచ్చటే మర్చిపోయిన. నిన్ను ఒళ్లె కూసోవెట్టుకొని నీ బొమ్మల పుస్తకాలు చదివిచ్చుకుంట నేను మళ్ల షురూ చేసిన."

"మరి గదే రాయి" అంది, పెన్ను నా చేతికిస్తూ.

ఇద్దరం కలిసి రాశాం. అమ్మకు జబ్బు చేసినందువల్ల చదువు ఆపాను, కానీ కూతురు పుట్టాక మళ్లీ చదవడం మొదలుపెట్టాను. అది క్రియ ఒకటి దిద్ది, నా భుజం మీద తల పెట్టుకుంది. చాయ్ పెట్టాలని గుర్తొచ్చినా లేవబుద్ధి కాలేదు.

పరీక్ష జగిత్యాలలో. నా కూతురు తోడు వచ్చి గేటు బయటే ఎండలో నిలబడింది. పేపర్లో మీ ఊరి సంత గురించి రాయమన్నారు.

"ఎట్ల రాసినవ్?" అంది నేను బయటికి రాగానే.

"ఆగకుంట రాసిన" అన్నాను.

బస్టాండు దారిలో చెరుకురసం తాగించింది. తర్వాత నెట్‌లో నా రిజల్టు నాకంటే ముందు అదే చూసి, పాసయ్యానని హాస్టల్ నుంచి ఫోన్ చేసి కేకలు పెట్టింది.