వార్డులో నా హలాల్ తిండి

ఆ రోజు చిలకలగూడలో మా ఇంటి బావి దగ్గర చేద లాగుతుంటే కుడివైపు పక్కటెముకల్లో పోటు వచ్చింది. నిండుగా ఊపిరి పీల్చలేకపోయాను. సాయంత్రానికి చలి, జ్వరం. అప్పటికి నాకింకా పెళ్లి కాలేదు. అమ్మ పోయాక ఇంట్లో నేను, అబ్బాజానే. హకీమ్ మందుతో తగ్గకపోయేసరికి ఆయన నన్ను సికింద్రాబాద్‌లో ఒక ఆస్పత్రిలో చేర్పించారు.

ఎక్స్‌రే చూసి డాక్టరు, "ప్లూరిసీ. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది" అన్నారు. వీపులోంచి సూదితో నీరు తీశారు. దాన్ని ట్యాపింగ్ అనేవారు. "ఇక కావాల్సింది రెస్ట్, మంచి డైట్. రోజూ మాంసం సూప్ పడాలి."

మేము అల్లా పేరు తలచి కోసిన మాంసమే తింటాం. ఆస్పత్రి వంటగదిలో పందిమాంసం కూడా వండేవారు. అందుకని అబ్బాజాన్ రోజూ ఇంటినుంచి సూప్ తెచ్చేవారు. నెమ్మదిగా జ్వరం దిగింది.

అంతలో, నలభై ఎనిమిది సెప్టెంబరులో, నిజాం రాజ్యం మీద పోలీస్ యాక్షన్ వచ్చింది. సైన్యం దిగింది, దారులు మూసేశారు. అబ్బాజాన్ రాలేదు. ఉన్నారో లేరో చెప్పేవాళ్లు లేరు. నాకు జ్వరం తిరగబెట్టింది, మళ్లీ నీరు చేరింది. పాలు తాగితే వాంతయ్యేది.

"ప్రాణం మీదికొస్తే మా వంటగది సూప్ తాగడానికి మీ మతం ఒప్పుకుంటుంది కదా?" అన్నారు డాక్టరు.

"వేరే దారి లేకపోతే ఒప్పుకుంటది సాబ్. ఇంకో దారి ఉందేమో జెర చూడుండ్రి" అన్నాను.

వార్డు నర్సు రత్నమ్మ గారు గుంటూరు వైపు క్రైస్తవురాలు. ఆమె నా మంచం మీద కూర్చుంది.

"ఏమ్మా, మగవాళ్లే కొయ్యాలా?"

"లేదు సిస్టర్. ఆడోళ్లు సుత కోయొచ్చు."

"అయితే నువ్వే కొయ్యి!"

మర్నాడు ఉదయం తన క్వార్టర్స్ నుంచి కోడిని, పదునైన కత్తిని, ఒక కొత్త కుండను తెచ్చింది. నన్ను పట్టుకుని పెరట్లోకి నడిపించింది. అంతకుముందు నేనెప్పుడూ కోడిని కోయలేదు. "నేను పట్టుకుంటాగా, కానియ్యి" అంది. బిస్మిల్లా అని కోశాను. ఆమె ఆ కుండలోనే మిరియాలు వేసి సూప్ కాచింది. గిన్నెడు తాగి హాయిగా నిద్రపోయాను. ఆ తర్వాత కూడా కోళ్లు తెస్తూనే ఉంది, నేను నెమ్మదిగా కోలుకోసాగాను.

దారులు తెరిచాక అబ్బాజాన్ వచ్చారు, సగానికి సగం చిక్కిపోయి. విషయమంతా విని, కన్నీళ్లతో సిస్టర్‌కు సలాం చేశారు. "అమ్మా, నా బిడ్డ పానం నిలబెట్టిన్రు, అల్లా మీది ఈమాన్ సుత నిలబెట్టిన్రు."

"నాదేముందండీ, కోసింది మీ అమ్మాయే. నేను కాళ్లు పట్టుకున్నానంతే, కోడివి!"

పక్కటెముకలు నొప్పెడుతున్నా నవ్వు ఆపుకోలేకపోయాను.

ఇప్పుడు కాప్రాలో నా కూతురి దగ్గర ఉంటున్నాను. చలికాలం కాస్త ఆయాసం తప్ప ఏ తక్లీఫ్ లేదు. నమాజు చేసినప్పుడల్లా రత్నమ్మ గారిని తలచుకుంటాను. నాలాంటివాళ్లకు ఒక్కటే చెబుతాను: ఆస్పత్రిలో చేరిన రోజే మీ తిండి సంగతి డాక్టరుకూ నర్సుకూ చెప్పండి. "ఇది తినను" అని ఊరుకోకండి. ఎలా వండితే తింటారో కూడా చెప్పండి.